ఒకే పెట్టె, మారే మూతలు: ఒక బొమ్మ తయారీ డైరీ

పాప ఎదిగే కొద్దీ కొత్త బొమ్మలు కొంటూ పోయే బదులు, ఒక్క బొమ్మనే పాపతోపాటు ఎదిగేలా చెయ్యొచ్చా? ఈ ప్రాజెక్టంతా దాని కోసమే. చెక్కతో ఒక పెట్టె, దాని మీద తీసి పెట్టుకునే మూతలు, ఒక బంతి. పెట్టె ఎప్పుడూ అదే, మూత మారుతుంది. మూత మారినప్పుడల్లా ఆటలో ఒకే ఒక్క కొత్త కష్టం రావాలి. మిగతాదంతా పాపకి అప్పటికే వచ్చినదై ఉండాలి. నేను పెట్టుకున్న నియమం ఇదొక్కటే.

బంతి లోపల వేస్తే బయటికొచ్చే పెట్టె కొత్తదేం కాదు. పిల్లలు తమ చేతులతో చేసి నేర్చుకునే మాంటిస్సోరి పద్ధతిలో నడిచే పసిపిల్లల తరగతుల్లో మామూలుగా కనిపించేదే. దాన్ని విడి భాగాలుగా చేసి, ఏ భాగం ఎప్పుడు మార్చాలో పాపని చూసి తేల్చుకోవడమే నా పని. మా అన్నయ్య కొడుకు పాప కన్నా దాదాపు రెండేళ్లు పెద్ద. పెట్టె బయటికి తీస్తే చాలు, వచ్చి పక్కన కూర్చుంటాడు. అందుకని వాడి సంగతులు కూడా ఇందులో ఉంటాయి.

ఎనిమిదో నెల: కొలతలు, అట్ట నమూనా

చెక్క కొయ్యకముందే భద్రత సంగతి తేల్చుకోవాలి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న సిలిండర్ ఒకటి వాడతారు. ఏ ముక్కైనా అందులో పూర్తిగా ఇమిడిపోయిందంటే అది పిల్లల గొంతుకి అడ్డం పడే సైజు అన్నమాట. బంతుల విషయంలో ఇంకా గట్టిగా ఉంటారు. 44.5 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి జారిపోయే బంతిని ఆ వయసు పిల్లలకి ఇవ్వకూడదు. గుండ్రటి వస్తువు గొంతులో పడితే గాలి పోవడానికి ఏ పక్కనా సందు మిగలదు, అందుకే ఈ తేడా. నేను 50 మిల్లీమీటర్ల చెక్క బంతి ఎంచుకున్నాను. పాప దాన్ని రెండు చేతులతో పట్టుకుంటోంది, ఒక చేత్తోనూ నిలబెట్టుకుంటోంది.

అయస్కాంతాలు, బటన్ బ్యాటరీలు ఈ ప్రాజెక్టులో ఎక్కడా ఉండవు. మింగిన బటన్ బ్యాటరీ రెండు గంటల్లోనే అన్నవాహికని తీవ్రంగా కాల్చేయగలదు. బలమైన అయస్కాంతాలు రెండు కడుపులోకి వెళ్తే పేగుల్ని మధ్యలో పట్టి నొక్కి చిల్లు పెట్టగలవు. మూత బిగించడానికి అయస్కాంతం సులువే. అయినా చెక్కలోనే గాడి తీసి, మూత అందులోకి జారేలా చెయ్యాలని నిర్ణయించాను.

ముందుగా అట్టపెట్టెతో నమూనా. పైన 65 మిల్లీమీటర్ల రంధ్రం, లోపల ఏటవాలుగా ఒక అట్ట, ముందువైపు బంతి వచ్చి ఆగే ట్రే. వాలు ఎంతుండాలన్నదే అసలు ప్రశ్న. మరీ ఎక్కువైతే బంతి రంధ్రంలో పడీ పడగానే ట్రేలో ఉంటుంది, వెతకాల్సిన పనే ఉండదు. మరీ తక్కువైతే బంతి దొర్లి వచ్చేసరికి పాప చూపు ఇంకెటో మళ్లుతుంది. తాము చేసిన పనికీ దాని ఫలితానికీ మధ్య కొద్ది సెకన్ల ఎడం వచ్చినా పసిపిల్లలకి రెండింటికీ ఉన్న లంకె అందదు. కాలికి రిబ్బన్ కట్టి రెండో కొసని పైన వేలాడే బొమ్మకి ముడివేస్తే, మూడు నెలల పిల్లలు కూడా తమ కాలి వల్లే బొమ్మ ఊగుతోందని పసిగట్టి మరింతగా కాళ్లు ఆడిస్తారు. కరొలిన్ రోవీ-కొల్లియర్ ప్రయోగాలు 1969 నుంచి చూపించింది ఇదే. అక్కడ బొమ్మ జవాబు వెంటనే వస్తుంది, కాలు ఎంత ఆడిస్తే అంత వస్తుంది. నాకూ అలాంటి జవాబే కావాలి, కాకపోతే ఒక్క క్షణం వెతుక్కునేంత ఖాళీ మధ్యలో ఉండాలి.

వాలు మీద మందపాటి గుడ్డ అతికిస్తే బంతి నెమ్మదించింది, చప్పుడూ తగ్గింది. కానీ చప్పుడు నాకు కావాలి. బంతి లోపల ఎక్కడుందో పాపకి చెప్పేది అదే. అందుకని గుడ్డ పై సగానికే ఉంచాను. ఇప్పుడు ముందు నిశ్శబ్దం, తర్వాత గడగడ, ఆ తర్వాత బంతి.

నమూనా కుదిరాక అసలు పెట్టె. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, మూలలన్నీ గుండ్రంగా అరగదీశాను, 120 నంబరు శాండ్‌పేపర్, ఆ పైన 220. పెయింట్ వెయ్యలేదు. తేనెమైనం కలిపిన మినరల్ ఆయిల్ పట్టించాను, ఎందుకంటే ఇది పాప నోట్లోకి వెళ్లక మానదు.

తొమ్మిదో నెల: గుడ్డ కింద బంతి

నూనె ఇంకేదాకా పెట్టెని పక్కన పెట్టి, ఉత్త గుడ్డతో ఆడాం. సగం కప్పిన బంతిని పాప ఎప్పటినుంచో లాక్కుంటోంది. పూర్తిగా కప్పేస్తే మొన్నటిదాకా నా మొహంలోకి చూసేది. ఇప్పుడు గుడ్డ పట్టి లాగుతోంది. పిల్లల మనసు ఎలా ఎదుగుతుందో పరిశోధించిన జాన్ పియాజే తన సొంత పిల్లల్ని చూసి, కనబడకుండా పోయిన వస్తువు కోసం పిల్లలు ఎనిమిది నెలల ప్రాంతంలో వెతకడం మొదలెడతారని రాశాడు. ఆయన గమనించిన ఇంకో వింత కూడా మా ఇంట్లో కనిపించింది. బంతిని ఎర్ర గుడ్డ కింద నాలుగైదుసార్లు దాచి, పాప చూస్తుండగానే ఈసారి నీలం గుడ్డ కింద పెట్టాను. పాప నేరుగా ఎర్ర గుడ్డే లాగింది.

ఇక్కడ కొంచెం ఆగాలి. వస్తువు కనబడకపోయినా ఉంటుందన్న ఎరుక అంతకన్నా చాలా ముందే, మూడున్నర నెలలకే ఉందని రెనే బైలార్జాన్ 1987లో చూపించింది. పిల్లల చేతుల్ని కాకుండా చూపుల్ని కొలిచింది ఆవిడ. జరగకూడనిది జరిగినట్టు కనిపించినప్పుడు పిల్లలు ఎక్కువసేపు చూస్తారు. నా ప్రాజెక్టుకి ఇది పెద్ద సంగతి. బంతి లోపల ఉందని పాపకి ఈ పెట్టె కొత్తగా నేర్పక్కర్లేదు, అది తనకి తెలిసే ఉండొచ్చు. తెలిసినదాన్ని పట్టుకుని వెళ్లి చేత్తో సాధించుకోవడం, మధ్యలో అడ్డొచ్చిన గుడ్డనో మూతనో తొలగించుకోవడం, అదీ ఈ వయసు పని. అందుకే మూతల వరుసంతా ఇకమీద చేతి పని చుట్టూ వేసుకుంటున్నాను.

పదో నెల: వదలడం

మొదటి మూత పాప ముందుకొచ్చింది. బంతి పట్టుకుంది, రంధ్రం మీదికి తెచ్చింది, అక్కడే ఉండిపోయింది. వేళ్లు విడవలేదు.

పిల్లలకి పట్టుకోవడం ముందు వస్తుంది, కావాలని వదలడం చాలా తర్వాత వస్తుంది. చాచిన చేత్తో అందుకోవడం నాలుగైదు నెలలకే మొదలైనా, అనుకున్న చోట వస్తువుని వదిలే నేర్పు పది, పన్నెండు నెలలకి గానీ కుదురుకోదు. అంతవరకు వస్తువులు చేతిలోంచి జారతాయి, లేదా ఇంకోటి పట్టుకుంటే మొదటిది పడిపోతుంది. ఇప్పుడు పాప చేతిలో జరుగుతున్నది అదే. మణికట్టుని రంధ్రం అంచు మీద ఆనించింది. బంతి సగం రంధ్రంలో, సగం అరచేతిలో. బొటనవేలు కదిలింది, మళ్లీ బిగిసింది. తర్వాత వేళ్లన్నీ ఒకేసారి, అవసరానికి మించి వెనక్కి విచ్చుకున్నాయి, అరచెయ్యి బల్లపరుపుగా చాచుకునేంతగా. బంతి పడింది. పాప రంధ్రంలోకే చూస్తోంది. గడగడ వినబడగానే నా చెయ్యి ట్రే వైపు వెళ్లబోయింది. పక్కనే ఉన్న మా ఆవిడ, "ఆగండి, చూపించకండి" అంది. పాప తల చప్పుడు వైపు తిరిగింది. ట్రే, బంతి, ఆ తర్వాత మా ఇద్దరి మొహాలు, ఒకదాని తర్వాత ఒకటి చూసింది.

ఆ మణికట్టు ఆనించడం చూశాక రంధ్రం చుట్టూ కొంచెం ఎత్తుగా, మెత్తగా అరగదీసిన చెక్క కట్టు అతికించాను. చెయ్యి గాల్లో ఉన్నప్పుడు భుజాన్నీ మోచేతినీ నిలబెట్టుకోవడంలోనే పాప శక్తంతా పోతుంది. మణికట్టుకి ఆసరా ఉంటే వేళ్లు తేలిగ్గా విడుస్తున్నాయి. వదలడం అలవాటయ్యాక ఆ కట్టు ఉన్న మూత తీసేసి ఉత్త రంధ్రం మూత పెడతాను.

సాయం ఎంత చెయ్యాలన్నదానికి నాకు దారి చూపింది 1976లో వుడ్, బ్రూనర్, రాస్ రాసిన పరిశోధన. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకి చెక్క ముక్కలతో పిరమిడ్ కట్టడం నేర్పుతూ పెద్దవాళ్లు చేసే సాయాన్ని వాళ్లు గమనించారు. ఇంటిపనికి నేను దాన్ని ఇలా మార్చుకున్నాను: పాప తడబడితే ఒక మెట్టు ఎక్కువ సాయం, కుదిరితే మరుసటిసారి ఒక మెట్టు తక్కువ. మొదటి మెట్టు ఊరికే ఆగడం. రెండోది చూపుతో చెప్పడం. మూడోది వేలితో చూపడం. చివరిది నేను ఒకసారి చేసి చూపి మళ్లీ పాప చేతికి ఇవ్వడం. పాప చెయ్యి పట్టుకుని చేయించడం అనే మెట్టు పెట్టుకోలేదు.

బంతిని ఎప్పుడూ ఒకే పక్క నుంచి ఇవ్వడం లేదు. ఓసారి కుడివైపు, ఓసారి ఎడమవైపు, పెట్టె మాత్రం పాపకి నడుమ. కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో స్థిరపడేది రెండేళ్లు దాటాకే. ఏడాదిన్నరలోపే ఒక చేతినే గట్టిగా వాడుతూ రెండోదాన్ని వదిలేస్తుంటే పిల్లల డాక్టరుకి చూపించాలి. ఇక్కడ రాస్తున్న నెలలు మా పాపవి. ఇంకో పిల్లకి నెల అటూ ఇటూ అవుతుంది, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకైతే పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టుకోవాలి.

ఏడాది నిండాక: సొరుగు

ట్రే తీసేసి సొరుగు పెట్టాను. బంతి ఇక తనంతట తాను బయటికి రాదు, లాగాలి. వెయ్యడం పాతదే, లాగడం ఒక్కటే కొత్త. పిడి పెద్దదిగా, పిడికిలి పట్టేంత ఉంది. సొరుగు మొత్తం ఊడి కాలి మీద పడకుండా వెనక ఒక అడ్డచెక్క.

మాటలు ఎక్కువగా పుట్టింది ఈ సొరుగు దగ్గరే. బంతి పడటానికీ సొరుగు లాగడానికీ మధ్య ఒక ఖాళీ ఉంటుంది కదా, పాప అప్పుడు నా వైపు చూస్తుంది. "ఏదీ?" అంటాను. లాగాక "ఇదిగో!" నేను అనేది అంతే. కొన్నాళ్లకి సొరుగు లాగుతూ పాపే "దిగో" అంది. పాప దృష్టి బంతి మీద ఉన్నప్పుడు బంతి అనే మాట చెప్పడం, సొరుగు మీద ఉన్నప్పుడు సొరుగు అనడం, ఇంత చిన్న విషయంలో చాలా ఉంది. పిల్లల దృష్టిని మన వైపు మళ్లించి పేరు చెప్పే దానికన్నా, వాళ్లు అప్పటికే చూస్తున్న వస్తువు పేరు చెబితే బాగా పట్టుకుంటారని టొమాసెల్లో, ఫరార్ 1986లో చూపించారు. అందుకని "ఇటు చూడు" అనే మాట మానేశాను. పాప ఎటు చూస్తే అటు నేనే చూస్తున్నాను.

ఇదే సమయంలో బంధువులొకరు బ్యాటరీతో నడిచే బొమ్మ ఒకటి తెచ్చారు. బటన్ నొక్కితే పాట, లైట్లు, జంతువుల పేర్లు. పాపకి నచ్చింది, నొక్కుతుంది, నవ్వుతుంది. నేను గమనించింది పాపని కాదు, పెద్దవాళ్లని. బొమ్మ మాట్లాడుతున్నంతసేపూ గదిలో మేమంతా మౌనం. అనా సోసా 2016లో ప్రచురించిన పరిశోధనలో తేలింది కూడా ఇదే. 10 నుంచి 16 నెలల పిల్లలతో తల్లిదండ్రులు ఇంట్లో ఆడుతుంటే రికార్డు చేస్తే, ఎలక్ట్రానిక్ బొమ్మలతో ఆడినప్పుడు పెద్దవాళ్ల మాటలూ తగ్గాయి, మాటకి మాట బదులు చెప్పుకోవడమూ తగ్గింది. పుస్తకాలతో అన్నిటికన్నా ఎక్కువ మాటలు వచ్చాయి. ఇంటరాక్టివ్ బొమ్మ అంటే పాపకి జవాబు చెప్పే బొమ్మ అని చాలామంది అనుకుంటారు. జవాబులన్నీ బొమ్మే చెప్పేస్తే మనకి చెప్పడానికి ఏమీ మిగలదు. సొరుగు పెట్టెలో ఆ ఖాళీని కావాలనే ఉంచాను, అందులోకి మా మాటలు వస్తున్నాయి. బ్యాటరీ బొమ్మని మేం పారేయలేదు. దాని బ్యాటరీ మూతకి స్క్రూ ఉందో లేదో చూసి, స్విచ్ ఆపి ఇస్తున్నాం. జంతువుల పేర్లు మేమే చెబుతున్నాం.

మధ్యలో కొన్నాళ్లు

పెట్టె అటక మీద ఉంది. పాపకి సొరుగు పూర్తిగా వచ్చేసి, లాగకుండానే లేచి వెళ్లిపోవడం మొదలెట్టింది. వెంటనే కొత్త మూత పెట్టడం కన్నా కొన్నాళ్లు కనబడకుండా ఉంచడం మంచిదనిపించింది. మిగతా బొమ్మల్లో కూడా చాలావరకు సర్దేశాం. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పిల్లల ముందు 16 బొమ్మలు పెట్టినప్పటి కన్నా 4 పెట్టినప్పుడు ఒక్కోదానితో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారని 2018లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. మా ఇంట్లో తేడా ఆ సాయంత్రమే తెలిసింది.

పదిహేనో నెల నుంచి: ఆకారాలు

గుండ్రం, చతురస్రం, త్రిభుజం. మూడూ ఒకే మూతలో కాదు, మూడు మూతలు. ముందు గుండ్రం పెట్టడానికి కారణం ఉంది. గుండ్రటి దిమ్మని ఎటు తిప్పి పెట్టినా రంధ్రంలో పడుతుంది. చతురస్రం పూర్తిగా తిప్పే లోపల నాలుగు చోట్ల పడుతుంది. సమబాహు త్రిభుజమైతే మూడే చోట్ల. అంటే పిల్ల చేతికి దొరికే అవకాశాలు తగ్గుకుంటూ వస్తాయి. పెద్దవాళ్లకి ఇవి మూడు బొమ్మల పేర్లుగా కనిపిస్తాయి. పాపకి మాత్రం ఇది మణికట్టుని ఎంత తిప్పాలన్న లెక్క.

చతురస్రం మూత దగ్గర పాప దిమ్మని అంచుకి ఒరిపిడిగా నెట్టింది, కొట్టింది, నా చేతికిచ్చింది. తీసుకుని మళ్లీ పాప చేతికే ఇచ్చాను. మా అన్నయ్య కొడుకు ఉండబట్టలేక పాప చేతిలోంచి దిమ్మ లాక్కోబోయాడు. "చెయ్యకు నాన్నా, చెప్పు" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "తిప్పూ... ఇంకొంచెం తిప్పూ" అన్నాడు. పాప దిమ్మని కాకుండా తనే మొత్తం తిరిగి పెట్టె అవతలి పక్కకి వెళ్లి కూర్చుంది! అక్కడి నుంచి పెట్టింది, పడలేదు. నెట్టుతూ ఉండగా దిమ్మ కాస్త మెలిక తిరిగి టక్కున దిగింది. ఆ టక్కు కోసమే రంధ్రానికీ దిమ్మకీ మధ్య 3 మిల్లీమీటర్ల సందే వదిలాను. సందు ఎక్కువైతే ఎలా పెట్టినా పడిపోతుంది, చేతికి ఏమీ తెలియదు.

రెండు నుంచి నాలుగేళ్ల మధ్య పజిల్స్ ఆడిన పిల్లలు, నాలుగున్నరేళ్లప్పుడు ఆకారాల్ని మనసులోనే తిప్పి చూసుకునే పరీక్షలో మెరుగ్గా ఉన్నారని సుసాన్ లెవీన్ బృందం 2012లో రాసింది. పజిల్ వల్లే అలా అయిందని ఆ ఒక్క అధ్యయనంతో తేల్చి చెప్పలేం. అయినా "తిప్పు", "అంచు", "మూల", "బోర్లించు" లాంటి మాటలు మా ఇంట్లో ఇంతగా వినబడటం ఈ మూతలు వచ్చాకే.

ఇరవయ్యో నెల: గొట్టాల మూత

ఇది అసలు అన్నయ్య కొడుకు కోసం. వాడికిప్పుడు మూడున్నర దాటింది. పెట్టె మీద ఒక చట్రం నిలబెట్టి, పైన మూడు రంధ్రాలు, కింద మూడు గిన్నెలు పెట్టాను. లోపలి వ్యాసం 63 మిల్లీమీటర్లున్న, లోపల ఏముందో కనబడని, వంగే పైపు ఒకటి. పై ఎడమ రంధ్రం నుంచి కింద కుడి గిన్నెకి అడ్డంగా వంచి బిగించాను.

బ్రూస్ హుడ్ 1995లో చేసిన ప్రయోగం ఇదే. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు చాలామంది బంతి ఏ రంధ్రంలో వేశారో సరిగ్గా దాని కిందే వెతుకుతారు, పైపు ఎటు వంగినా సరే. వస్తువు వదిలితే నిట్టనిలువుగా పడుతుందన్న అనుభవం వాళ్ల మనసులో అంత గట్టిగా నాటుకుని ఉంటుంది. పైపు పారదర్శకంగా ఉంటే సరిగ్గానే చెబుతారు.

మావాడు ఎడమ రంధ్రంలో వేశాడు, ఎడమ గిన్నెలో చెయ్యి పెట్టాడు. లేదు. "బాబాయ్, బంతి ఏది?" అన్నాడు. కుడి గిన్నెలో దొరికింది. మళ్లీ ఎడమ రంధ్రం, మళ్లీ ఎడమ గిన్నె. కళ్లెదుట దొరికిన చోటు కూడా వాడికి సాక్ష్యం కాలేదు. నేను కుడి గిన్నె చూపించి ఉంటే బంతి దొరికేది గానీ పైపు సంగతి తెలిసేది కాదు. అందుకని వేరే పని అడిగాను: "బంతి వెయ్యకు. ముందు అది ఏ దారిన వెళ్తుందో అనుకో, అనుకుని వేలితో చూపించు." బంతి గొట్టంలో దొర్లడాన్ని ముందుగా ఊహించుకోమంటే మూడేళ్ల పిల్లలు ఈ పనిలో మెరుగుపడ్డారని 2011లో వచ్చిన పరిశోధన చెప్పింది. వాడి చూపుడువేలు పైపు మీద మొదలైంది, వంపు దగ్గర ఆగింది, పైపు మీద ఉన్న మడతల్ని ఒక్కొక్కటే దాటుకుంటూ కుడి గిన్నె దాకా వెళ్లింది. బంతి వేసి, కుడి గిన్నె దగ్గర రెండు చేతులూ దోసిలి పట్టాడు. బంతి పడ్డాక, "నేను ముందే చెప్పా కదా!" అని అరిచాడు.

పైపుని వేరే గిన్నెకి మారిస్తే మొదటిసారి మళ్లీ నేరుగా కిందే చూశాడు. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుని వేలు పైపు మీద పెట్టాడు. ఇప్పుడు రెండో పైపు కలిపే ఆలోచన ఉంది, మొదటిదాన్ని దాటుతూ వెళ్లేలా.

పాపకి గొట్టాలు పట్టలేదు. పైన బంతి వెయ్యడం, కింద ఎవరో ఒకరు ఇస్తే తీసుకోవడం, అంతవరకే. ఈమధ్య చేస్తున్నది వేరు. పాత సొరుగు లాగి, అందులో గుడ్డబొమ్మని పడుకోబెట్టి, మూసి, పెట్టె మీద తడుతోంది. ఒక వస్తువుని ఇంకొకటిగా ఊహించుకునే ఆట ఈ వయసులోనే మొదలవుతుంది. పెట్టెకి రంధ్రం ఉంటే పాప అందులో ఏదో ఒకటి వేస్తుంది. రంధ్రం లేకపోతే అది మంచం కావచ్చు, బండి కావచ్చు, నేను ఊహించనిది ఇంకేదైనా కావచ్చు.

అందుకని తర్వాతి మూత ఉత్త పలక. ప్లైవుడ్ కోసి పెట్టాను, గాడిలోకి సరిగ్గా జారుతోంది, శాండ్‌పేపర్ పని మిగిలింది. సొరుగు వెనక అడ్డచెక్కని రెండు అంగుళాలు వెనక్కి జరపాలి, గుడ్డబొమ్మ కాళ్లు పట్టడం లేదు. వాడి గొట్టాల చట్రం విడిగా నిలబడేలా ఇంకో అడుగుపలక చేస్తే ఇద్దరూ ఒకేసారి ఆడుకోవచ్చు.